గోనె చుట్టిన దీపస్తంభం

బస్సు ఆగిపోయి ముప్పావుగంట దాటింది. సముద్రం ఇంకా మూడు మైళ్ళుందని కండక్టరు అన్నాడు. అంతకుముందు అడిగినప్పుడు రెండే అన్నాడు. కదలకుండా నిలబడ్డ బస్సుకు కూడా పోవలసిన చోటు దూరమైపోతూ ఉండడం చూసి బజారికి ఒళ్ళు మండింది. వెనక చక్రం నేలకు అంటుకుపోయింది. పైన కట్టిన అదనపు చక్రం దించి చూస్తే దాంట్లోనూ గాలి లేదు. సైకిలు మీద పంపు కోసం పోయినవాడు ఎప్పటికైనా రాకపోతాడా అన్నట్టు డ్రైవరు తాటాకు పాక నీడలో తువ్వాలు పరుచుకుని బీడీ ముట్టించాడు.

"ఏమప్పా," అన్నాడు బజారి, "గాలి లేని సక్రాన్ని నెత్తిన పెట్టుకుని ఎందుకు తిప్పుతాండారు? ఊళ్ళన్నీ సూడాలని దానికేమన్నా మొక్కుబడి ఉందా?"

డ్రైవరు నవ్వలేదు. రోడ్డు పక్క గొడుగు వేసుకుని కూర్చున్న పెద్దాయన ఒకడు నవ్వాడు. నుదుటి మీద, చెంపల మీద గోపీచందనం ముద్రలు చెమటకు సగం కరిగాయి. భుజాన గుడ్డసంచి. పక్కనే ఇత్తడి చెంబు ఒళ్ళో పెట్టుకుని ఆయన భార్య కూర్చుని ఉంది.

"ఆదోని మాట కదా అది! మన తట్టు మాట విని నాలుగు రోజులైందప్పా," అని పెద్దాయన లేచి వచ్చాడు. "మాది ఎమ్మిగనూరు. శ్రీపాదరావంటారు నన్ను. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి మొన్ననే రిటైరైనాను. ఈమె లక్ష్మీబాయి, మా ఇంటామె. ఈ పొద్దు అమావాస్య, సముద్ర స్నానం చేద్దామని వచ్చినాము. నువ్వూ దానికేనా?"

"కాదు సారూ. నా పేరు బజారి. ప్రెస్సుమిల్లులో పని. లైట్‌హౌసు సూడాలని వచ్చినా."

"ఊరికే చూడ్డానికి? ఆదోని నుంచి ఇంత దూరమా?"

ఊరికే అన్న మాట బజారికి ముల్లులా దిగింది. కాని ఆయన తప్పేముంది? సంగతి తెలియదు.

బజారి చేసే పని చెప్పడానికి ఒక్కమాట చాలు. బేళ్ళ మీద మార్కా వేస్తాడు. మార్కెట్టు యార్డులో వేలంపాట పాడి కొన్న పత్తి మిల్లుకు వచ్చి, గింజ విడిపోయి, ప్రెస్సు కింద పడి రాయిలా గట్టిపడి, గోనెపట్టా చుట్టుకుని, ఇనుప పట్టీలు బిగించుకుని బయటికి వస్తుంది. అట్లా వచ్చిన ప్రతి బేలూ రైల్వే గూడ్సు షెడ్డుకు పోయేముందు బజారి ఎదుట ఒక్క నిమిషం ఆగాలి. బొమ్మ కోసి తీసిన రేకును గోనె మీద ఆనించి, నల్లసిరాలో ముంచిన కుచ్చుతో నాలుగు పోట్లు పొడిస్తే బొమ్మ పడుతుంది. ఆ బొమ్మ లేని బేలు తండ్రి పేరు లేని బిడ్డ లాంటిదని మిల్లులో అంటారు. పత్తి పండించినవాడి పేరు దాని మీద ఉండదు, ఏరిన ఆడవాళ్ళ పేర్లు అసలే ఉండవు. ఉండేదల్లా బజారి పొడిచిన బొమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళుగా పొడుస్తున్నాడు. అంతకుముందు అతని తండ్రి హనుమన్న పొడిచాడు.

ఆ మిల్లు మార్కా లైట్‌హౌసు. మిల్లు పెట్టిన మూలపు సేటు ఎప్పుడో ఓడలో పోతూ చూసి ముచ్చటపడి పెట్టుకున్నాడట. మొదటి ఇత్తడి రేకు బొంబాయిలో చేయించారు. అది అంచులు అరిగి, సిరా కారి, బొమ్మ అలికినట్టు పడటం మొదలయ్యాక హనుమన్న కిరసనాయిలు డబ్బా కోసి, బేలు మీద పడ్డ గుర్తును చూసుకుంటూ చిన్న ఉలితో కొత్త రేకు కోశాడు. అది అరిగితే మరొకటి. మూడేళ్ళకొక రేకు. పాత ఇత్తడి రేకు ఏమైందో ఎవరికీ తెలియదు. కరిగి ఎవరింట్లోనో చెంబై ఉంటుంది.

తండ్రీ కొడుకుల్లో ఎవరూ సముద్రం చూసినవాళ్ళు కారు. వాళ్ళు చూసిన పెద్ద నీళ్ళు తుంగభద్ర. లైట్‌హౌసు అంటే ఏమిటని హనుమన్న గుమాస్తాను అడిగితే, దీపం పెట్టే స్తంభం అన్నాడు. దీపం పెట్టే స్తంభం హనుమన్నకు బాగా తెలుసు. గుడి ముందు రాతి దీపకంబం ఉంటుంది, కార్తీకంలో దాని మీద దీపాలు పెడతారు. ఇంక సందేహమేముంది? రేకు మారినప్పుడల్లా స్తంభం గుడి వైపు ఒక అడుగు జరిగింది. ఒకసారి కింద అరుగు వచ్చింది. ఇంకోసారి ఒంటికి దీపాల గూళ్ళు వచ్చాయి. మరోసారి నెత్తిన చిన్న శిఖరం లేచింది. అడుగున మొదట్లో మూడు వంకర గీతలుండేవి, అవి అలలు. పత్తి మార్కా అడుగున నల్లరేగడి సాళ్ళు కాక ఇంకేముంటాయని హనుమన్న వంకరలు తీసేసి తిన్నగా కోశాడు. బజారి చేతికి వచ్చాక సాళ్ళ కొసన నాలుగు మొలకలు కూడా పెట్టాడు. హమాలీలంతా మెచ్చుకున్నారు.

తాటాకు గ్రంథాలు ఎత్తి రాసినవాళ్ళదీ ఇదే కథ. ఒకడు అర్థం కాని అక్షరాన్ని అర్థమయ్యే అక్షరంగా మారుస్తాడు. వెనక వచ్చినవాడు దానికి తగ్గట్టు పక్క అక్షరాన్ని దిద్దుతాడు. నూరేళ్ళ తర్వాత పండితులు కూర్చుని ఆ తప్పుకు వ్యాఖ్యానం రాస్తారు. వాళ్ళలో ఎవరి పనీ పోలేదు. బజారి పని పోయేటట్టుంది.

పోయిన నెల దక్షిణాది నూలుమిల్లు ఒకటి మిల్లుకు ఉత్తరం రాసింది. కాగితాల్లో లైట్‌హౌసు మార్కా అని ఉంది, బేళ్ళ మీద ఏదో దేవాలయం ఉంది, ఇవి మీ సరుకేనా అని అడిగింది. జవాబు పోయేదాకా బేళ్ళు వానలో నిలబడ్డాయి. కొత్తగా మిల్లు చూసుకుంటున్న చిన్న సేటు బజారిని పిలిపించాడు.

"ఇదేందిరా బజారీ, మనది మిల్లా, గుడి కమిటీనా? కింద మొలకలెందుకు?"

"పత్తి మొలకలు సేటూ."

"సముద్రంలో పత్తి మొలిచిందా?"

గుమాస్తాలు పగలబడి నవ్వారు. అప్పుడే బజారికి తెలిసింది, ఇన్నేళ్ళూ తాను సాళ్ళనుకున్నవి నీళ్ళని. కొత్త రేకు బొంబాయిలో మిషను మీద కోయిస్తానని, మంగళవారం మెయిలుకు దానికి కాగితం పోతుందని చిన్న సేటు చెప్పాడు. ఆ రేకు ఇరవై ఏళ్ళు అరగదట. ఎవడైనా పొడవొచ్చునట.

"నేనే కోస్తా సేటూ," అన్నాడు బజారి.

"నువ్వు లైట్‌హౌసు చూసినావా?"

"సూడలే. సూసొస్తా."

"సరే పో. మంగళవారం పొద్దున్నే సరైన బొమ్మ నా బల్ల మీద ఉంటే రేకు నీదే, పనీ నీదే. లేకుంటే నువ్వు హమాలీల్లో కలువు."

బజారికి యాభై రెండేళ్ళు. కుడి మోకాలు రెండేళ్ళ నుంచి మాట వినడం లేదు. హమాలీల్లో కలిస్తే ఎన్నాళ్ళు మోస్తాడో అతనికీ తెలుసు, చిన్న సేటుకూ తెలుసు. భార్య తిమ్మక్క అదే మిల్లులో పత్తిలోంచి చెత్త ఏరుతుంది. "రైళ్ళు మారి మారి ఆడికెందుకు పోతావు? సదువుకున్నోళ్ళను ఎవురినన్నా అడిగి గీయించుకోరాదా?" అంది ఆమె. "అడిగి అడిగే కదే అది గుడి అయింది," అన్నాడు బజారి. గుమాస్తా దగ్గర ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసుకుని బయల్దేరాడు. రెండు రైళ్ళు ఆలస్యమై, ఒక రైలు తప్పి, ఆదివారం మధ్యాహ్నానికి ఈ గాలిలేని బస్సు దగ్గర తేలాడు. సాయంత్రం అయిదు గంటల బస్సుకు తిరిగి ఎక్కకపోతే రాత్రి రైలు దొరకదు. రాత్రి రైలు దొరకకపోతే మంగళవారం లేదు.

ఈ కథంతా విని శ్రీపాదరావు గొడుగు ముడిచాడు.

"ఇంతేనా? దీనికి ఇంత దూరం రావాల్నా? ఎమ్మిగనూరులో నన్ను అడిగి ఉంటే సరిపోయేది!" అని గొడుగు మొనతో రోడ్డు పక్క ఇసుకలో బొమ్మ గీశాడు. సన్నగా పొడుగ్గా ఒక స్తంభం, దాని ఒంటి నిండా అడ్డపట్టీలు, పైన దీపం, దీపం నుంచి రెండు వైపులా కిరణాలు. "ముప్పై ఏళ్ళు బోర్డు మీద గీసినాను. కళ్ళు మూసుకుని గీస్తా."

"మీరు యాడ సూసినారు సారూ?"

"చూడ్డమెందుకు? పుస్తకంలో ఉంది కదా!"

"నాకు రేకు మీద ఉండె."

లక్ష్మీబాయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈయన సముద్రాన్ని చూడ్డమూ ఇదే మొదలు నాయనా. ముప్పై ఏళ్ళు పిల్లలకు దాన్ని లోతుతో సహా చెప్పినారు." అని భర్త వైపు తిరిగింది. "ఏన్రీ, పంచాంగం చూడండి, అమావాస్య మూడు గంటలకే వెళ్ళిపోతుంది. తిథి దాటినాక సముద్రాన్ని తాకరాదు. ఇంత దూరం వచ్చి ఒడ్డున నిలబడి దండం పెట్టి పోవాల్సి వస్తుంది."

నడవడమే నయమనుకున్నారు. మూడు మైళ్ళూ ఎండలో, సరుగుడు తోటల పక్కన, రోడ్డు వదిలి, కాలు పెడితే చీలమండ దాకా దిగే ఇసుకబాట మీద ముగ్గురూ నడిచారు. శ్రీపాదరావు నోరు ఆగలేదు. పూర్వం ఈజిప్టు తీరంలో దీవి మీద కట్టిన దీపస్తంభం ప్రపంచ వింతల్లో ఒకటని, దాని మంట చాలా దూరం నుంచి కనబడేదని, భూకంపాలకు కూలిపోయిందని చెప్పాడు. మొదట్లో కట్టెలు కాల్చేవారని, తర్వాత నూనె దీపాలు వచ్చాయని, ఆపైన గాజు పలకలు పేర్చి వెలుగును ఒక్క వాటంగా పంపడం నేర్చుకున్నారని చెప్పాడు. అవన్నీ నిజాలే. వేరే రోజైతే బజారి నోరు తెరుచుకుని వినేవాడు. ఇప్పుడు ఆయన ప్రతి వాక్యానికీ ఒకసారి ఆగి గొడుగు ఊపుతుంటే, ఆ ఆగినప్పుడల్లా ఒక నిమిషం పోతున్నదని అతనికి అరికాళ్ళలో తెలుస్తోంది.

"సారూ, నడుస్తా సెప్పండి."

"నడుస్తూనే కదా చెప్తాండాను."

"మీ నోరు నడుస్తాంది, కాళ్ళు నడవడం లేదు," అంది లక్ష్మీబాయి.

ఆ రేవు ఊరి పేరెందుకులే. తెల్లదొరల కాలంలో అక్కడ ఓడలు ఆగేవి. ఇప్పుడు చేపల పడవలు తప్ప ఏవీ రావు. దీపస్తంభం మిగిలింది, దాని చుట్టూ ఈమధ్య ఒక పార్కు కట్టారు. గేటు పక్క సిమెంటు నెమలి, నోరు తెరిచిన కుందేలు ఆకారపు చెత్తకుండీలు, ఉప్పుగాలికి ఎండిపోయిన క్రోటన్లు, ఎవరి జ్ఞాపకార్థమో కట్టించిన బెంచీలు. ఆదివారం కాబట్టి జనం బాగానే ఉన్నారు. గేటు మీద బోర్డు ఉంది. దీపస్తంభం ఎక్కుటకు వేళలు మూడు నుంచి అయిదు వరకు అని శ్రీపాదరావు పైకి చదివాడు.

బజారి బోర్డు చూడలేదు. తలెత్తి పైకి చూస్తున్నాడు.

సరుగుడు చెట్ల మీదుగా లేచి నిలబడింది గోనెపట్టా. కింది నుంచి పైదాకా చుట్టూ వెదురు కట్టి, వెదురు మీద గోనెపట్టాలు కప్పి, తాళ్ళు బిగించి ఉన్నాయి. నాలుగు పలకలుగా, నిట్టనిలువుగా, నిలబెట్టిన బేలులా ఉంది. లోపల ఏముందో, ఎంత లావుందో, ఎక్కడ సన్నబడుతుందో తెలిసే దారి లేదు. కొనన గాజుగది పైకప్పు మాత్రం ఒక జానెడు కనబడుతోంది.

బజారికి మొదట నవ్వు వచ్చింది. ఆ తర్వాత ఏడుపు రావలసింది గాని కోపం వచ్చింది.

"ఏందప్పా ఇది?" అని కాపలావాడి మీదికి పోయాడు.

"రిపేరండీ. సున్నం పెచ్చులూడిపోతే కొత్తగా పూత పూస్తన్నారు. ఇంకో రెండు నెల్లు పడుద్ది," అన్నాడు కాపలావాడు.

"ఒక పక్క ఇప్పి సూపియ్యి. ఒక్క నిమిషం."

"నేనెక్కడ ఇప్పుతానండీ! మేస్త్రీలు రావాల. ఇయ్యాల అమాస కదా, పన్లోకి రారు. రేపొచ్చి కనుక్కోండి."

"రేపు నాకు పనికి రాదు!"

"మీకు పనికిరాకపోతే దీపస్తంభం ఏం చేస్తదండీ?"

శ్రీపాదరావు మధ్యలో దూరాడు. పార్కు మధ్యలో నీళ్ళ ట్యాంకును చిన్న లైట్‌హౌసు ఆకారంలో కట్టారని, పట్టీలు కూడా వేశారని, దాన్ని చూసి గీసుకుంటే సరిపోతుందని ఓదార్చాడు. బజారి ఆ ట్యాంకును ఒకసారి చూశాడు. కుళాయిల దగ్గర పొట్ట ఉబ్బి, మీద మూకుడు బోర్లించినట్టుంది. ఎవరో మేస్త్రీ ఇంకెవరో కాంట్రాక్టరు చెప్పిన దాన్ని బట్టి కట్టి ఉంటాడు.

"మళ్ళా అదే పనా సారూ? ఒకరు సేసిందాన్ని సూసి ఇంకొకరు! ఆ దారిలోనే కదా నా స్తంభానికి గూళ్ళు మొలిసింది!"

"గంట రెండైంది," అని లక్ష్మీబాయి భర్త చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. సముద్రం ఎదురుగానే ఉంది. ఆయన జీవితంలో మొదటిసారి దాన్ని చూస్తూ కూడా వెనక్కి తిరిగి బజారికి ఏదో చెబుతూనే పోయాడు. గాలికి ఆ మాటలు వినబడలేదు.

బజారి గోనె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. దూరం నుంచి చూస్తే గోనె, దగ్గరికి పోతే గోనె. అప్పుడు పైన టపటపమని చప్పుడైంది. సగం ఎత్తుకు పైన ఒక పట్టా కుట్టు విడిపోయి, గాలికి జెండాలా కొట్టుకుంటోంది. కొట్టుకున్నప్పుడల్లా లోపలి సున్నం పొడి కింద బెంచీల మీద కూర్చున్నవాళ్ళ నెత్తిన రాలుతోంది. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ కళ్ళు నులుముకుంటూ కాపలావాణ్ణి తిట్టిపోస్తోంది. అతను చేతులు నలుపుకుంటూ పైకి చూస్తున్నాడు.

బజారి ఆ కుట్టును చూశాడు. పట్టా అంచు మడవకుండా పైపైన వేసిన కుట్టు. మిల్లులో ఎవడైనా అట్లా కుడితే బేలు రైలెక్కకముందే పొట్ట బయటపెడుతుంది.

"ఆ కుట్టు ఎవురు కుట్టిందప్పా?"

"ఏమో, కూలోళ్ళు."

"గోనె కుట్టడం నా పనే. దబ్బనం ఉంది, సుతిలి దారం ఉంది." నిజంగానే ఉన్నాయి. మిల్లువాళ్ళు పెళ్ళికి పోయినా ఆ రెండూ సంచిలో ఉంటాయి. "నన్ను లోపలికి వదులు. ఎక్కి కుట్టి వస్తా. లేకుంటే సాయంత్రం దాకా ఆ యమ్మ తిట్లు తింటా కూసో."

కాపలావాడు పట్టుచీరావిడను చూశాడు, బజారి మోకాలిని చూశాడు. "పడితే నాకు తెలవదు," అని ఒక పట్టా అంచు ఎత్తి పట్టుకున్నాడు.

లోపల చీకటిగా, సున్నం వాసనగా ఉంది. గోడ చేతికి అందింది. కొత్త పూత చల్లగా ఉంది. ఇన్నేళ్ళు తన చేతి కింద చిన్నదై ఆడిన స్తంభం పక్కన నిలబడితే దానికి అంతు కనబడలేదు. ఎదురుగా గోడే. ఇంత దగ్గరికి వస్తే చూడ్డానికి ఏమీ లేదు. సాయంత్రం దాకా లోపలున్నా అతనికి కనబడేది మూరెడు సున్నమే.

అప్పుడు తట్టింది. రేకు కోసేవాడికి బొమ్మ అక్కర్లేదు. కొలతలు చాలు. అడుగున ఎంత, నెత్తిన ఎంత, ఎత్తెంత. ఆ మూడూ ఉంటే అంచు గీత దానంతటదే వస్తుంది. సుతిలి ఉండ విప్పి, గోడను ఒరుసుకుంటూ అడుగున చుట్టూ తిప్పి, కలిసిన చోట ముడి వేశాడు. చేతులు బార్లా చాపి కొలిస్తే పదిన్నర బారలు. ఇంక ఎక్కడం మిగిలింది. వెదురు దొంతర్లు మనిషెత్తున, అంటే ఒక్కో బార ఎత్తున ఉన్నాయి. ఒక్కో దొంతరకూ సుతిలికి ఒక చిన్న ముడి వేస్తూ ఎక్కాడు. మోకాలు నాలుగో దొంతరకే మొరాయించింది. ఎనిమిదో దొంతర దగ్గర కూర్చుండిపోయి చిన్న సేటును, గుమాస్తాలను, గాలి లేని చక్రాన్ని, వెదురు కట్టినవాళ్ళను పేరుపేరునా తిట్టాడు. తిట్టాక మళ్ళీ ఎక్కాడు.

చిరిగిన చోటు పదో దొంతర దగ్గర ఉంది. దాన్ని దాటి ముందు కొసదాకా పోయాడు. మొత్తం పదహారు దొంతర్లు. గాజుగది కింద సుతిలి తిప్పి ముడి వేస్తే స్తంభం చుట్టుకొలత సరిగ్గా ఆరు బారలు. గోడకు గూళ్ళు లేవు, పట్టీలు లేవు, శిఖరం లేదు. అంతా తెలుపు. రెండు చోట్ల చిన్న కిటికీలు, అంతే.

దిగుతూ చిరుగు దగ్గర ఆగాడు. మూడడుగుల కంత. దానికి అవతల సముద్రం ఉంది. ఇంతసేపూ ఎదురుగా ఉన్నా అతను దాన్ని చూడనే లేదు. పైనుంచి చూస్తే నీళ్ళు వరసలు వరసలుగా, ఎంత దూరమంటే అంత దూరం, దున్నినట్టే వస్తున్నాయి. నాయన మరీ అంత తప్పు చేయలేదనిపించింది. చూస్తూండగానే ముందు సాలు లేచి, విరిగి, తెల్లగా నురుగై చెదిరిపోయింది. దాని వెనక వచ్చింది దానిలా లేదు. తర్వాతది ఆ రెంటిలా లేదు. ఏదో ఒకటి మనసులో పట్టుకుందామని చూశాడు. ఒక్కటీ నిలబడలేదు. గీత అంటూ ఉంటే కదా రేకు మీద కోయడానికి! ఇంకొంచెంసేపు చూస్తే దొరుకుతుందేమో అనిపించింది. కింద నుంచి కాపలావాడు అరిచాడు.

"ఏమండోయ్, కుట్టారా లేదా?"

మాట ఇచ్చి ఎక్కాడు. బజారి పట్టా అంచు రెండు మడతలు మడిచి, దబ్బనం ఎక్కించి, సముద్రాన్ని జానెడు జానెడు చొప్పున కుట్టేశాడు.

కిందికి దిగేసరికి మోకాలు చెంబులా వాచింది. గేటు దగ్గరి బెంచీ మీద కూర్చుని తెల్ల కాగితం పరిచి, సుతిలి ముడులు లెక్కపెట్టుకుంటూ గీయసాగాడు. చుట్టుకొలతలో మూడో వంతు వెడల్పని బండిచక్రాలు చూసినవాడికి తెలుసు. ఎత్తు పదహారు వేళ్ళు పెడితే అడుగున మూడున్నర వేళ్ళు, నెత్తిన రెండు. రెండు వాలుగీతలు కలిపాడు. నెత్తిన నడవ, గాజుగది పెట్టాడు. అడుగున కొంచెం వంచి మూడు గీతలు గీశాడు. చేయి దూరంలో పట్టుకుని చూశాడు.

చాలా మామూలుగా ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి గాలికి ఎదురు నిలబడ్డ మనిషిలా, అడుగున బలంగా, పైన తేలిగ్గా ఉంది. గూళ్ళు లేవు, దీపాలు లేవు, మొలకలు లేవు. ఇన్నేళ్ళ తన పనితనమంతా ఎగిరిపోయింది. కాని ఇది నిజమైనది. ఇక ఎవరూ ఇది గుడా అని అడగలేరు.

శ్రీపాదరావు దంపతులు ఆరీ ఆరని బట్టల్లో వచ్చారు. తిథి దాటకముందే మూడు మునకలు పడ్డాయని లక్ష్మీబాయి ముఖం తేటగా ఉంది. శ్రీపాదరావు చెవుల్లో ఇంకా ఇసుక ఉంది.

"ఏమప్పా, ఏదీ చూద్దాం," అని ఆయన కాగితం తీసుకుని చూసి తొడ చరిచాడు. "చూసినావా? నేను ఇసుకలో గీసింది ఇదే కదా! అప్పుడే నమ్మి ఉంటే ఈ ఎక్కుడు, ఈ మోకాలి వాపు ఎందుకు నీకు?"

"అది కాదు సారూ ఇది. మీది కొవ్వొత్తి మాదిరి ఉండె. ఇది అడుగున మూడున్నర, నెత్తిన రెండు."

"సన్నమో, లావో, స్తంభం స్తంభమే కదప్పా."

"అదెట్ల అవుతాది? మనిసికి పొట్ట ఉన్నా లేకున్నా ఒకటేనా?"

"వాదించద్దు. బాగా వచ్చింది. ఒక్కటి మరిచినావు." ఆయన బెంచీ మీది పెన్సిలు అందుకుని, పక్కన చతికిలబడి, స్తంభం ఒంటి మీద అడ్డంగా ఒక పట్టీ గీసి నింపడం మొదలుపెట్టాడు.

"సారూ! సారూ! పట్టీలు లేవు ఆడ. నేను గోడను సేత్తో తాకి వచ్చినా. అంతా తెలుపే."

"లేకపోవచ్చు. ఉండాలి. పట్టీలు లేకుంటే పగటి పూట ఓడలవాళ్ళు దీన్ని ఎట్లా గుర్తుపడతారు? పుస్తకాల్లో అన్నిటికీ ఉంటాయి. మీ సేటు చదువుకున్నవాడు, పట్టీలు లేకుంటే ఇదేం లైట్‌హౌసు అంటాడు."

బజారి కాగితం లాక్కోబోయాడు. చిరుగుతుందని వదిలేశాడు. రెండో పట్టీ కూడా పడింది. సున్నితంగా, నీటుగా, ముప్పై ఏళ్ళు బోర్డు మీద గీసిన చేయి గీస్తోంది. ఆ చేతిలో ఎంత ప్రేమ ఉందో కనబడుతూనే ఉంది. అందుకే ఇంకా కంపరంగా ఉంది. చదువుకున్న ఈయనకే తేడా తెలియకపోతే చిన్న సేటుకు తెలుస్తుందా? తెలియకపోతే పోనీ. రేకు కోసేది తాను.

గేటు అవతల అయిదు గంటల బస్సు హారను కొట్టింది.

"ఏన్రీ, ఆయన బొమ్మ ఆయనకు ఇచ్చెయ్యండి," అంది లక్ష్మీబాయి.

"ఒక్క నిమిషం. ఈ మూలన చిన్న ఓడ వేస్తే..." అన్నాడు శ్రీపాదరావు తల ఎత్తకుండా.

బజారి సుతిలిని ముడులు విడిపోకుండా మెల్లగా ఉండ చుట్టి, పిడికిట్లో పెట్టుకుని లేచాడు. కొలతలన్నీ దాంట్లోనే ఉన్నాయి. రైల్లో కాగితం ఎవరినైనా అడగొచ్చు. శ్రీపాదరావు ఓడకు పొగగొట్టం పెట్టి, పొగ ఏ వైపుకు పోవాలో గాలిని చూసి ఆలోచిస్తున్నాడు.

"పొగ భూమి తట్టు రావాల, కదప్పా బజారీ?" అన్నాడు.

బజారి అప్పటికే సిమెంటు నెమలిని దాటి, కదలబోతున్న బస్సు వైపు కుంటుకుంటూ పోతున్నాడు.